కొలిచిన దారి

పోయిన మంగళవారం మధ్యాహ్నం, హొసకోటెలో, అన్నం తిని పడుకున్న మా పెద్దనాయన మళ్ళీ లేవలేదు. నేను కాలేజీలో ఉండగా అమ్మ ఫోన్ చేసి, "పెద్దనాయన లేడు పాపా, బస్సెక్కి రా" అంది. దారి పొడవునా కిటికీలోంచి కరెంటు తీగలనే చూస్తూ వచ్చాను. "ఎదురుగా వచ్చేది అందరూ చూస్తారు. పైన ఉండేది చూసేవానికే జీతం" అనేవారాయన.

మీలో చాలామందికి ఆయన పని తెలిసి ఉండదు. గాలిమర రెక్కలు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు మోసే లారీలు ఒంటరిగా వెళ్ళకూడదు. ముందొక బండి, వెనకొక బండి తోడు వెళ్ళాలి. ముందు వెళ్ళే జీపు మా పెద్దనాయనది. అందుకు విడిగా ఒక లైసెన్సు కార్డు ఉండేది. లారీ కదిలే ముందురోజు పొడవాటి గడతో దారంతా తిరిగి, ఏ తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచేవారు. గడ పట్టడానికొకరు, చూడటానికొకరు, ఇద్దరు ఉండాలి. ఆ కొలతలన్నీ నోటుపుస్తకంలో సాఫుగా ఎక్కించడం నా పని.

ఒకసారి ఆ రెండో మనిషి రాలేదు. "పోయిన్నెల పోయిన దారే కదా సార్, పాత కొలతే వేసుకోండి" అన్నాడు కాంట్రాక్టరు. పెద్దనాయన సరేనన్నారు. కానీ ఆ నెల రోజుల్లో, దారిలోని ఒక వీధిలో పాత తారు మీదే కొత్త తారు పోశారు. తీగ ఎక్కడిదక్కడే ఉంది. రోడ్డే బెత్తెడు పైకి లేచింది. లారీ మీది ట్రాన్స్‌ఫార్మర్ నెత్తి తగిలి తీగ తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ వీధంతా కరెంటు పోయింది.

"నా ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాదప్పా! కండ్లు ఇంట్లో పెట్టి వచ్చినావా?" అని ఒక అవ్వ వాకిట్లో నిలబెట్టి తిట్టింది. ఆయన తల వంచుకుని విని, వెళ్ళి ఐసు తెచ్చిచ్చారు.

కార్డిచ్చిన ఆఫీసువాళ్ళు సంజాయిషీ అడిగారు. తీగే జారిందని రాయకపోతే కార్డు పోతుందని కాంట్రాక్టరు హెచ్చరించాడు. నేను చిత్తు రాశాను: 'ఎండకు తీగ సాగి, అలసిన చెయ్యిలా కిందికి వాలింది.' ఆ వాక్యం నాకెంతో నచ్చింది. పెద్దనాయన రెండుసార్లు చదివించుకున్నారు.

"బాగా రాసినావు పాపా. వింటాంటే నిద్రొస్తాంది. కానీ తీగ వాలలేదు. నేను కొలవలేదు. అదే రాయి."

"కార్డు పోతుంది పెద్దనాయనా!"

"పోనీ. తప్పు తీగ మీదికి తోస్తే, రేపు ఇంకొకడు గడ ఎత్తకుండానే పోతాడు."

కొట్టేసి, ఆయన చెప్పినట్టే రాశాను. అంత చిన్న వాక్యం రాయడానికి అంతసేపు నాకెప్పుడూ పట్టలేదు.

కార్డును ఆరు నెలలు ఆపేశారు. జీపుకు టార్పాలిన్ కప్పి, వైట్‌ఫీల్డ్‌లో ఒక గోదాముకు కాపలా ఉన్నారు. అయినా వీధిలో తల పైకెత్తే నడిచేవారు. "కింద చూసి నడువు, ఆకాశానికి పర్మిట్టు ఎవరిచ్చిరి నీకు?" అని పెద్దమ్మ వెక్కిరించేది. ఆయన నవ్వి, రెండడుగులు కింద చూసి, మళ్ళీ పైకే చూసేవారు.

కార్డు తిరిగొచ్చాక మొదటి పని మళ్ళీ ఆ వీధి మీదుగానే పడింది. ఈసారి గాలిమర రెక్క. ఆ పొద్దున నేనూ వెళ్ళాను. అవ్వ గడపలో నిలబడి ఉంది.

"ఈసారన్నా కొలిచినావా అప్పా?"

"రెండుసార్లు అవ్వా. రెండోవాడు రాకుంటే బండే కదిలించేది లేదు."

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసింది. తరువాత మేడ వైపు తిరిగి, "ఏయ్, ఆ చీరలు లాక్కోండే, రెక్క వస్తాంది!" అని కేకేసింది.

తెల్లటి రెక్క మలుపు తిరిగింది. ఎంతకీ అయిపోకుండా వస్తూనే ఉంది. దాని నీడ గోడల మీదుగా, వాకిళ్ళలో ముగ్గుల మీదుగా, అవ్వ నెరిసిన జుట్టు మీదుగా చల్లగా జరిగిపోయింది. ముందు జీపులోంచి పెద్దనాయన చెయ్యి బయటికి చాచి, అరచేత్తో గాలిని బిడ్డను జోకొట్టినట్టు తడుతూ, మెల్లగా, మెల్లగా అంటూ సాగిపోతున్నారు.