మూడు కెమెరాల ఫోన్

నాకు కెమెరాతో పని లేదని భద్రాచలంలో ఫోన్ల షాపాయనకు మూడుసార్లు చెప్పాను. ఆయన వింటేగా. వెనకాల మూడు కెమెరాలున్నాయని, చీకట్లో కూడా ముఖాలు తేటగా పడతాయని ఒకటే పొగడ్త. నాకు కావాల్సింది వేరే. నేను నర్సుని, మా దవాఖానా చర్ల అవతల అడవిలో ఉంది. అక్కడ టవర్ ఒకరోజు ఉంటే రెండు రోజులు ఉండదు. నెట్ లేకపోయినా మందుల మోతాదులు చూపించే యాప్ అందులో నడవాలి, అక్షరం పెద్దగా కనపడాలి, వాన తుంపర పడితే పాడవకూడదు. ఇవన్నీ ఉన్న ఫోన్‌కే ఆ మూడు కెమెరాలూ ఉన్నాయి. వెనకాల ఏముంటే నాకేంటి అనుకుని కొన్నాను.

అప్పటిదాకా మా పెద్ద సిస్టర్ నోట్‌బుక్కే మాకు దిక్కు. అరచేతిలో పట్టేంత పుస్తకం, జేబులో ఉండి ఉండి అంచులు నలిగిపోయింది. ఏ మందు ఎంత బరువుకు ఎంత ఇవ్వాలో అందులో ఆమె చేత్తో రాసుకుంది. రిటైరై పాల్వంచ వెళ్లిపోయే ముందు దాన్ని నాకివ్వబోతే, అక్కర్లేదని ఫోన్ చూపించి నవ్వాను. ఆమె ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

“మంచిగుంది గానీ బిడ్డా, మనిషి ముంగట తియ్యకు. లోపలికి పోయి చూసుకో.”

చాదస్తం అనుకున్నాను. మధిరలో పుట్టి పెరిగి, పోస్టింగ్ వచ్చి ఆర్నెల్లు కాకముందే ఈ అడవి నాకు తెలిసిపోయిందనుకున్నదాన్ని. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం, రాష్ట్ర సరిహద్దు అవతల నుంచి వచ్చి మా వైపు పోడు చేసుకుంటున్న గూడెం నుంచి ఒక తల్లి తడుస్తూ వచ్చింది. వీపున గుడ్డలో నాలుగేళ్ల కూతురు. పిల్ల ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు, నీళ్లు పోస్తే మింగడం లేదు. పరీక్ష చేస్తే మలేరియా, అదీ ప్రాణం తీసే రకం. డాక్టరు గారు మీటింగ్‌కని భద్రాచలం వెళ్లారు. ఆ పూట టవర్ ఉండబట్టి ఆయన ఫోన్లో దొరికారు. మొదటి సూది వేసి వెంటనే అంబులెన్సులో పంపమన్నారు. మా ఆశా కార్యకర్త అంబులెన్సు కోసం గేటు దగ్గరికి పోయింది. నేను పిల్లను తూచాను. పదకొండు కిలోలు.

చిన్నపిల్లలకు ఆ మందు లెక్క వేరు. నాకు గుర్తుంది, అయినా ఒకసారి చూసి వేయడం మంచిదని ఫోన్ తీశాను. తల్లి కూర్చున్న బెంచీ ఎదురుగా నిలబడి, కళ్ల ఎత్తున పట్టుకుని, రెండుసార్లు చదివాను. అక్షరాలు నా వైపు ఉన్నాయి. కెమెరాలు వాళ్ల వైపు ఉన్నాయి. బల్ల వైపు తిరిగి మందు పొడి కలిపి సిరంజిలోకి ఎక్కించి వెనక్కి చూసేసరికి బెంచీ ఖాళీగా ఉంది. వెనక తలుపు తీసి ఉంది.

సిరంజి పట్టుకునే దవాఖానా వెనకాల ఉన్న వాగు దాకా పరిగెత్తాను. వాళ్లు అవతలి గట్టు ఎక్కుతున్నారు. కేక వేస్తే ఆమె ఇంకా జోరుగా నడిచింది. నీళ్లు నడుము లోతున ఎర్రగా పోతున్నాయి. నాకు ఈత రాదు. భయపడి ఆగిపోయాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

వాగు తగ్గాక రెండో రోజు ఆశా కార్యకర్త ఆ గూడేనికి వెళ్లొచ్చింది. వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. పిల్ల ఆ తెల్లారే పోయిందని చెప్పింది. నేను అడగకుండానే మిగతాది కూడా చెప్పింది.

“ఫోటో తీసినవనుకుంది సిస్టరమ్మా. ఫోటో తీసుకపోయినంక గుడిసెల కాడికి ఎవరో ఒకరు వస్తరు. ఎక్కడోళ్లు, ఎప్పుడొచ్చిండ్రు అని అడుగుతరు, ఎల్లగొడతరు. అందుకే లేచి పోయింది.”

పెద్ద సిస్టర్ మాట అప్పుడు అర్థమైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, కట్టుకట్టే ప్లాస్టర్ ముక్క తెచ్చి ఆ మూడు కెమెరాలకూ అడ్డంగా అంటించాను. పాల్వంచకు ఫోన్ చేసి నోట్‌బుక్ పంపమన్నాను. ఆమె మర్నాటి బస్సుకు పంపింది.

నెల దాటాక ఆ తల్లి మళ్లీ వచ్చింది, ఒక్కతే. నేరుగా నా దగ్గరికి వచ్చి నా జేబులోని ఫోన్ వైపు వేలు చూపించి కోయ భాషలో ఏదో అడిగింది. ఆశా కార్యకర్త నా ముఖం చూడకుండా తెలుగులో చెప్పింది.

“ఆ పొద్దు తీసిన ఫోటో చూపియ్యమంటుంది. పిల్లది ఇంకోటి లేదంట.”

తీయలేదని చెప్పాను. ఆమె కదల్లేదు. ఇవ్వకుండా దాస్తున్నాననుకుంది. ప్లాస్టర్ మీద వేలితో తడిమింది. ఇక ఫోన్ ఆమె చేతికే ఇచ్చి, బొమ్మలెలా జరపాలో చూపించాను. మా చెల్లి పెళ్లి, మధిరలో మా ఇల్లు, షాపాయన కెమెరా ఎంత బాగుందో చూపించడానికి తీసిన సీలింగ్ ఫ్యాను. ఒక్కొక్కటీ ఆగి ఆగి చివరిదాకా చూసింది. అయిపోయాక, మళ్లీ మొదటి నుంచి చూడడం మొదలుపెట్టింది.