చావు కబురు వస్తుందంటే బాండ్లి పెట్టిన మా మునెమ్మవ్వ

నిన్న పొద్దున రేణిగుంట దగ్గర బస్సులో ఉండగా తమ్ముడి ఫోన్.

"అవ్వ పోయిందక్కా."

"ఏ అవ్వ?" అని అడిగాను.

మాకు ఉన్నదే ఒక అవ్వ.

కండక్టర్ వచ్చి "యాడికి పోవాలమ్మా?" అంటే పాకాల అన్నాను. ఆ బస్సు అటు పోనే పోదట.

మునెమ్మవ్వ. మా నాయన తల్లి. తొంభై దాటినా మొన్నటిదాకా మురుకుల పిండి తనే కలిపేది. "నీకెందుకులే అవ్వా" అని ఎవరైనా అన్నారో, ఆ రోజు వాళ్లకు మురుకులు కట్.

ఆమె మెత్తని మనిషి అని మాత్రం ఎవరూ కామెంట్లు పెట్టకండి ప్లీజ్. పరమ మొండిది. ఆ మొండితనం వల్లే వాళ్ల అన్న, మా రత్నం తాత, ఇంటికి చేరాడు. మా కజిన్స్‌లో సగం మందికి ఈ సంగతి తెలియదు. అందుకే రాస్తున్నాను.

నలభైల నాటి మాట. రెండో ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. అవ్వకు ఇంకా పెళ్లి కాలేదు, పాకాలలో పుట్టింట్లోనే ఉంది. రత్నం తాత మిలిటరీలో చేరి బర్మా వైపు వెళ్లాడు. ఆ తర్వాత కబురు లేదు. పోయాడని వీధి మొత్తం తీర్మానం చేసేసింది. కర్మ చేయించెయ్యమని పెద్దల పోరు. దీపావళి కాగానే చేయిస్తానని వాళ్ల నాయన ఒప్పుకున్నాడు కూడా.

అంతలో కాట్పాడి నుంచి రైల్వే వాళ్ల ద్వారా ఆ నోటా ఈ నోటా పడి ఒక మాట వచ్చింది. రత్నంతో పాటు పనిచేసిన మిలిటరీ మనిషి ఒకాయన దీపావళి పొద్దున ఇంటికి వస్తాడట.

ఇంకేముంది, చావు కబురే అన్నారు. బతికుంటే తనే వస్తాడు కదా, ఇంకొకరిని ఎందుకు పంపుతాడు?

మా వైపు చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండక్కి బాండ్లి పెట్టరు. నూనె కాగకూడదు. అయినవాళ్లే పిండివంటలు చేసి తెచ్చిస్తారు. పండగ ముందు రోజే వాళ్ల పెద్దమ్మ తట్టలో అత్తిరసాలు పెట్టి, పైన ఆకు కప్పి తెచ్చింది. అత్తిరసాలంటే అరిసెలే.

అవ్వ వాకిట్లోనే ఆపేసింది.

"ఎవురు సచ్చినారని తెచ్చినావు పెద్దమ్మా? మా ఇంట్లో సావు జరగలా. ఎత్తకపో."

ఆ పెద్దమ్మ మళ్లీ చాలా కాలం మాట్లాడలేదట. అవ్వ కూడా బతిమాలలేదు.

రేషన్ రోజులు. ఇంట్లో ఉన్న కాస్త మంచి బియ్యం నానబెట్టి, వడగట్టి, రోట్లో వేసి దంచింది. బెల్లం పాకం పెట్టింది. వాళ్ల నాయన అరిచి అరిచి బయటికి వెళ్లిపోయాడు. వాళ్లమ్మ పొయ్యి పక్కన కూలబడింది.

"ఆ మనిషొచ్చి కాని మాట సెప్తే, ఈ నూనె వాసనలో ఎట్ల ఇనేది మే?"

"సెప్పినంక ఏడుస్తాం లేమ్మా. సెప్పకముందే ఎందుకు?"

మొదటి వాయి అత్తిరసాలు నూనెలో విచ్చిపోయాయి. చూడ్డానికి వచ్చిన వాళ్లంతా అపశకునం అన్నారు. "పాకం లేతదైంది, అంతే. దీనికి శకునాలేంది?" అని పాకం మళ్లీ పొయ్యి మీద పెట్టింది.

భయం లేక కాదు. భయపడుతూనే చేశానని నాకు చెప్పింది.

పండగ పొద్దున ఆ మనిషి వచ్చాడు. ఒంటరిగా. వాళ్లమ్మ అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది.

ఆయన గడప దాటలేదు. బయట నిలబడి లోపలికి చూశాడు. పొయ్యి మీద బాండ్లి. అందులో మురుకులు.

"ఈ ఇంట్లో కర్మ ఏమైనా జరిగిందా అమ్మా?" అన్నాడు.

"జరగలా. జరగదు. వచ్చి కూసో. తిన్నంక సెబుదువు" అంది అవ్వ.

ఆయన కూర్చోలేదు. ఒక మురుకు చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరిగి, గబగబా స్టేషన్ వైపు వెళ్లిపోయాడు. ఇంటిల్లిపాదీ వాకిట్లోకి వచ్చారు.

కాసేపటికి వీధి చివర ఇద్దరు కనిపించారు. రెండో మనిషి కర్ర పట్టుకుని కాలు ఈడుస్తున్నాడు.

రత్నం తాత!

ఆస్పత్రిలో ఉండగా ఎవరో ఊరి మనిషి కలిసి, నీకు కర్మ చేసేశారని చెప్పాడట. కర్మ జరిగిన మనిషి గడప తొక్కితే ఇంటికి అరిష్టమని ఆ రోజుల్లో నమ్మకం. అందుకని తాత స్టేషన్‌లో కూర్చుని, చూసి రమ్మని స్నేహితుణ్ణి పంపాడు. ఆయన తిరిగొచ్చి "మీ ఇంట్లో బాండ్లి పెట్టి ఉండారు, పద" అన్నాడట.

తాత బతికున్నన్నాళ్లూ మాకు చెప్పేవాడు. "పొయ్యి ఆరిపోయి ఉండింటే, మొగం సూపకుండా వచ్చిన రైల్లోనే ఎనక్కి పొయ్యుందును."

అన్నను చూడగానే అవ్వ అన్న మొదటి మాట: "ఇప్పుడా వచ్చేది? అన్నీ సల్లారిపోయినాయి."

తర్వాత పొయ్యి ముందే కూర్చుని భోరుమంది. బాండ్లిలో మురుకులు మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకటే మెసేజ్‌లు. నిండు జీవితం, పండు రాలినట్టు పోయింది, ఇలాంటి చావుకు ఏడవకూడదు, స్ట్రాంగ్‌గా ఉండండి.

సారీ. మీ సలహా మీ దగ్గరే ఉంచుకోండి.

ఊరంతా ఏడవమన్నప్పుడు మా అవ్వ ఏడవలేదు. ఊరంతా వద్దన్నా నేను ఏడుస్తాను. ఇప్పుడు నిజంగానే మా ఇంట్లో మనిషి పోయింది. వీధి చివరిదాకా వినపడేలా ఏడుస్తాను.

పొయ్యిరా అవ్వా. నీకు ఎదురు చెప్పేవాళ్లెవరూ లేని చోట చల్లగా ఉండు.