మా పల్లంలో కుళాయి

మా పేటలో ఎవరినైనా అడగండి, మొదటిసారి కుళాయి చేతిదాకా వచ్చి ఎందుకు పోయిందంటే నావైపే చూపిస్తారు. నిజమే. నేను పెట్టిన కాఫీయే మా కొంప ముంచింది. ఇన్నేళ్ల తర్వాత నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజుల్లో ఎవరైనా ఈ మాటంటే మీదపడి రక్కేసేదాన్ని.

మాది రాజోలు దగ్గర, సముద్రానికి మరీ దూరం కాని ఊరు. తరతరాలుగా ఊరివాళ్ల చేలల్లో కూలి చేసి, చదువుకుని పైకొస్తున్న క్రైస్తవ కుటుంబాలు మావి. తొంభైల్లో ఇళ్ల స్థలాలిచ్చినప్పుడు మా పేటని ఊరికి మైలున్నర అవతల, కాలవగట్టు దిగాక ఉన్న వరిచేలోకి పంపారు. పేరుకి కాలనీ. అంతా పల్లం. నాలుగు చినుకులు పడితే వీధిలో మోకాలి లోతు నీళ్లు, గుమ్మంలో కప్పలు. "చేపల్ని పెంచుకోమని ఇచ్చేరు కాబోలండీ" అనేవారు మా మావయ్యగారు. ఆయన బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, తిట్టినా అండీ అనే తిట్టేవారు.

అయినా సరే, తాటాకు పాకల్లోంచి సిమెంటు గోడల్లోకి వచ్చామన్న గర్వం అందరికీ ఉండేది. అరుగులకి ఎర్రరంగు, తలుపులకి నీలంరంగు వేసుకున్నాం. పిల్లలకి చదువు చెప్పడానికి చందాలు వేసుకుని ట్యూషన్ పాక కట్టుకున్నాం. ఇంటికో టీచరో నర్సమ్మో తయారవుతున్న కాలం అది. మా కాలనీని ఎవరైనా చులకనగా చూస్తే నాకు ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

అంత పల్లంలో ఉండీ మాకు తాగడానికి మాత్రం చుక్క నీళ్లు లేవు. బోరు కొడితే ఉప్పు. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరుగుతాయి. మంచినీళ్లు కావాలంటే గట్టు వెంబడి మైలున్నర నడిచి ఊళ్లో పంచాయతీ ఆఫీసు ముందున్న కుళాయి దగ్గరికి పోవాలి. అక్కడ ఊరివాళ్లు పట్టుకున్నాకే మేం పట్టుకోవాలి. అలా అని ఎక్కడా రాసిపెట్టి లేదు. కానీ ఎంత పొద్దున్నే వెళ్లినా మా బిందెలు వరసలో చివరే ఉండేవి.

నేనప్పుడు రెండో కాన్పుతో ఉన్నాను. మా అత్తయ్యగారు నన్ను బిందె ముట్టుకోనిచ్చేవారు కాదు. "నీ వాటా కూడా నేనే తెత్తాను, నువ్వు కూకో" అని రోజుకి నాలుగుసార్లు గట్టెక్కేవారు. ఆవిడ మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి, అడుగు తీసి అడుగేస్తుంటే టకటకమనేవి. చంకన నిండు బిందె, రెండో చెయ్యి మోకాలి మీద, అలా గట్టు దిగేవారు. గుమ్మంలో కూర్చుని అది చూస్తూ పళ్లు నూరుకునేదాన్ని. నాకు దేవుణ్ణి అడగాల్సింది ఒక్కటే ఉండేది. ఆ మోకాళ్లు పూర్తిగా పోకముందే మా వీధికి కుళాయి రావాలి.

అలాంటప్పుడు ఒక కబురొచ్చింది. ఊళ్లో ట్యాంకు నుంచి పైపులైను పొడిగిస్తారట. మా కాలనీకో, కాలవ అవతల ఇంకో పేటకో, ముందు ఒక్కదానికే ఇస్తారట. ఎవరికి ఇబ్బంది ఎక్కువో ఆఫీసరుగారు స్వయంగా వచ్చి జనాన్నే అడుగుతారట.

ఇక చూసుకోండి మా హడావుడి. వీధంతా ఊడ్చి ముగ్గులేశాం. ఆఫీసరుగారు పంతులుగారింటి అరుగు మీదే కూర్చోవాలని తీర్మానం. బొండాం కొట్టిద్దామంటే కాలనీలో కొబ్బరిచెట్లు ఇంకా మోకాలెత్తు లేవు. అత్తయ్యగారు తెల్లారకముందే వెళ్లి, వచ్చే మనిషి కోసమని ప్రత్యేకంగా ఒక బిందె తెచ్చారు. నేను చిక్కగా డికాషన్ దింపాను.

ఆయన వచ్చారు, కూర్చున్నారు, ముందు మంచినీళ్లడిగారు. రెండు గ్లాసులు తాగారు. తర్వాత నా కాఫీ తాగి, "అమ్మా, కాఫీ అమోఘమండీ! నీళ్లు బాగుంటే గానీ ఈ రుచి రాదు" అన్నారు.

"ఆయ్, థాంక్సండీ" అన్నాను నేను, పొంగిపోయి. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!

"మరి ఇబ్బందులేమన్నా ఉన్నాయా పంతులుగారూ?"

మావయ్యగారు చేతులు కట్టుకుని, "మీరొచ్చేరు, అదే పదివేలండీ. మీ దయవల్ల అంతా బాగానే ఉందండీ" అన్నారు.

అది మా గోదావరివాళ్ల వరస. వచ్చినవాడు అడగ్గానే కష్టాలు ఏకరువు పెట్టడం మర్యాద కాదు. ముందు అంతా బాగుందనాలి. కాసేపు అదీ ఇదీ మాట్లాడుకోవాలి. ఆయన రెండోసారి అడగాలి, అప్పుడు గొంతు సవరించుకుని అసలు సంగతి ఎత్తాలి. ఆ ఆఫీసరుగారిది ఏ ప్రాంతమో గానీ ఒక్కసారే అడిగారు. ఏదో రాసుకుని, ఇంకా రెండు ఊళ్లు తిరగాలంటూ జీపెక్కారు. గట్టుదాకా సాగనంపి వచ్చిన మావయ్యగారు, "అదేవిటే అమ్మాయీ, మళ్లీ అడుగుతారనుకున్నానే!" అని అరుగు మీద కూలబడ్డారు.

పైపులైను కాలవ అవతలికి పోయింది.

నేను ఊరుకునే రకమా? నిండు కడుపేసుకుని ఆటోలో మండలాఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా కాయితం తీసి చూపించాడు. "కాలనీలో నీరు రుచిగా ఉన్నది. నివాసులు తృప్తిగా ఉన్నారు" అని ఉంది.

"రుచిగా ఉన్నదా!" అని అరిచాను. ఆఫీసంతా తలెత్తి చూసింది.

"మీరే బాగుందన్నారంట కదండీ" అన్నాడు గుమాస్తా.

 ఆయన మెచ్చుకున్నది నా కాఫీని, నేను మురిసిపోయింది దానికి! అక్కడే నిలబడి, ఆయన బల్ల మీదే అర్జీ రాసిచ్చాను. మా నీళ్లు ఉప్పు, కాదంటే వచ్చి మళ్లీ చూడండి, అని.

ఆఫీసరుగారు మళ్లీ వస్తున్నారని తెలిసేసరికి నాకు కాన్పయి మూడో నెల. ట్యూషన్ పాకలో మీటింగు పెట్టుకున్నాం. ముందు వీధి మెరక చేయించమని ఒకరు, కాదు దీపాలు వేయించమని ఇంకొకరు, పెళ్లిళ్లకి హాలు లేక పరువు పోతోందని మరొకరు. ఎవరి గోల వాళ్లది. చంటిదాన్ని భుజానేసుకుని లేచాను.

"ఏవండీ, దీపాల కింద కూర్చుని ఉప్పునీళ్లు తాగుతారా? హాల్లో పెళ్లివారికి ఉప్పునీళ్లు పోస్తారా? ఈసారికి అందరం ఒక్కటే అడుగుదాం. నీళ్లు!"

గోల సద్దుమణిగింది. ఇంకో మాట కూడా అనుకున్నాం. ఆఫీసరుగారొచ్చే రోజు ఏ ఇంట్లోనూ ఊళ్లో కుళాయి నీళ్లు ఉండకూడదు. ఆయన దాహమంటే బోరు నీళ్లే ఇవ్వాలి. అందరూ చెయ్యెత్తారు, మా అత్తయ్యగారు తప్ప. ఆవిడ లేచి బయటికి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి నిలదీశాను. "అందరూ ఒప్పుకుంటే మీకొక్కరికే ఏం వచ్చిందండీ?"

 ఆవిడ తల ఎత్తకుండానే చెప్పారు.

"నా చిన్నప్పుడు రైతుల చేలో ఊడ్పులకెళ్తే, దాహమంటే దోసిలి పట్టమనేవోరు. పైనుంచి పోసేవోరు. గ్లాసిచ్చేవోరు కాదు. ఇక మనింటికొచ్చి మన నీళ్లు తాగిన బయటి మనిషిని నా వయసులో సూళ్లేదు. ఆ బాబు మన అరుగు మీద కూకుని, మన గ్లాసుతో, అడిగి రెండోసారి పోయించుకుని తాగేరు. ఆ గ్లాసులో నేను ఉప్పునీళ్లు పొయ్యనా? నా వల్ల కాదే."

నా కోపం ఎటుపోయిందో తెలీదు. "మరి మీ మోకాళ్లో?" అన్నాను, ఊరికే.

"అయ్యి ఎలాగూ పోయేయి."

ఆఫీసరుగారు ఈసారి చిరచిరలాడుతూ వచ్చారు. అర్జీ చేత్తో ఊపుతూ, "కిందటిసారి ఈ అరుగు మీదే రెండు గ్లాసులు తాగాను నేను. అమృతంలా ఉన్నాయి. ఇప్పుడు ఉప్పంటారు! నన్ను అబద్ధాలకోరుని చేస్తారా?" అన్నారు. వీధి వీధంతా బిక్కచచ్చిపోయి నిలబడింది.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్యగారు లోపల్నుంచి పళ్లెంలో గ్లాసు పెట్టుకుని వచ్చారు. హమ్మయ్య, మనసు మార్చుకున్నారనుకున్నాను. ఆయన గటగటా తాగి, గ్లాసు పైకెత్తి అందరికీ చూపించారు.

"ఏవీ ఉప్పు? మంచినీళ్లే కదండీ ఇవి!"

నాకు అర్థమైపోయింది. బియ్యం డబ్బా వెనకాల చెంబు దాచారు. "అత్తయ్యగారూ!" అని గుండె బద్దలయ్యేలా అరిచాను. చంటిది ఉలిక్కిపడి ఏడుపందుకుంది. మావయ్యగారు తలపట్టుకున్నారు. కుళాయి రెండోసారి కూడా పోయింది, ఈసారీ మా ఇంటి వల్లే పోయింది.

ఆఫీసరుగారు లేవబోతుంటే అత్తయ్యగారు అడ్డంగా నిలబడ్డారు. ఆవిడ పెద్ద ఆఫీసరు ముందు నోరెత్తడం నేనదే చూడడం.

"అయ్యి మా నీళ్లు కావు బాబూ. మీకోసరం ఊళ్లోంచి మోసుకొచ్చినవండి. కిందటిసారీ అంతేనండి. మా నీళ్లు మీకివ్వడానికి మొహం చెల్లలేదండి నాకు."

ఆయన గ్లాసు వైపు చూశారు. "ఎక్కణ్ణుంచి మోశారు?"

"పంచాయతీ ఆఫీసు కాడి నుంచండి."

"రోజూనా?"

"ఆయ్."

 ఆయన గ్లాసు అరుగు మీద పెట్టి, తిన్నగా వీధి మధ్య బోరు దగ్గరికి నడిచారు. కొట్టండి అన్నట్టు మావయ్యగారికి సైగ చేశారు. నీళ్లు పడుతుంటే నడుం వంచి దోసిలి పట్టారు.

మా అత్తయ్యగారు పరిగెత్తడం ఎప్పుడూ చూడలేదు నేను. ఆ రోజు చూశాను. "దోసిలి పట్టకండి బాబూ! ఉండండి, గ్లాసు తెత్తాను, ఉండండి!" అంటూ ఆ మోకాళ్లతోనే పరిగెత్తారు. ఆవిడ చేరేలోపే ఆయన తాగేశారు. మొహం వికారంగా ముడుచుకుపోయింది, కానీ ఉమ్మలేదు. మొత్తం మింగారు. రుమాలుతో మూతి తుడుచుకుని, వెంట వచ్చిన గుమాస్తాతో "రాసుకోండి" అన్నారు. ఏం రాయించారో మాకు వినిపించలేదు. అత్తయ్యగారు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చారు. నేనూ ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం సిగ్గు?

ఆ వానాకాలం వెళ్లాక పైపు వేశారు. కుళాయి మా అరుగు ఎదురుగానే. మొదటిసారి తిప్పినప్పుడు చూడాలి, బిందె ఎగిరిపడింది! ఎంత తిట్టుకున్నామో ఆ పల్లాన్ని. ఊరు మెరక మీద, మేం పల్లంలో. ఎండాకాలం ట్యాంకులో నీళ్లు తగ్గితే ఊళ్లో కుళాయిలు సన్నగిల్లి ఆగిపోతాయి, మా కుళాయికి మాత్రం ధార తగ్గదు. "స్థలాలు బాగా ఆలోచించే ఇచ్చేరండీ" అనడం మొదలుపెట్టారు మావయ్యగారు. ఆ తర్వాత వీధి మెరకయింది, దీపాలొచ్చాయి, హాలూ వచ్చింది. దేనికదే పోరి సాధించుకున్నాం. ఈ జిల్లాలో మా కాలనీ లాంటి కాలనీ ఇంకోటి చూపించమనండి చూద్దాం.

తర్వాత రెండు వేసవులకి, ఊళ్లో కుళాయిలు ఆగిపోయి అక్కడివాళ్లే బిందెలు పట్టుకుని గట్టు దిగి మా దగ్గరికి రావడం మొదలైంది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఒక రైతు ఇంటి పెద్దావిడ వచ్చారు. అత్తయ్యగారి పుట్టిల్లూ ఈ ఊరే, చిన్నప్పుడు ఊడ్పులకెళ్లింది వాళ్ల చేలోకే. ఆవిడ ఎండకి సొమ్మసిల్లేలా ఉన్నారు. బిందె కింద పెట్టి, కుళాయి తిప్పి, వంగి దోసిలి పట్టారు.

"ఆగండమ్మా" అన్నారు మా అత్తయ్యగారు అరుగు మీంచి.

నేను గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాను, ఏమంటారో ఏమోనని.

అత్తయ్యగారు మోకాళ్లు పట్టుకుని లేచి, లోపలికెళ్లి గ్లాసు తోమి తెచ్చారు. కుళాయి కింద నింపి, పెద్దావిడ చేతికిచ్చారు.

"మా కుళాయి కాడ ఎవరూ దోసిలితో తాగరండి."

ఆవిడ అత్తయ్యగారి మొహం వైపు ఒకసారి చూసి, గ్లాసు అందుకుని తాగారు. ఆవిడ తాగినంతసేపూ అత్తయ్యగారు ఎండలో పక్కనే నిలబడ్డారు. ఖాళీ గ్లాసు తీసుకుని, "ఇంకో గ్లాసు పొయ్యమంటారా అండీ?" అని అడిగారు.