సెంబవాంగ్ బురదకి మంచు తోసే బ్లేడు

మా చిన్నప్పుడు... వాన కురుస్తున్నంతసేపూ మాకు హాయిగానే ఉండేది. వెలిశాకే దిగులు మొదలయ్యేది.

సింగపూర్ ఉత్తరాన ఉన్న సెంబవాంగ్‌లో అప్పటికి ఇన్ని ఫ్లాట్లు లేవు. లిమ్ అంకుల్ అనే చైనీస్ ఆయనకి అక్కడ పూలమొక్కల నర్సరీ ఉండేది. దాని చివర ఉన్న రేకుల ఇంట్లో మేం అద్దెకుండేవాళ్ళం... అమ్మ, నాన్న, నేను, తమ్ముడు రవి. నాన్న షిప్‌యార్డులో వెల్డర్.

పెద్దరోడ్డు నుంచి మా ఇంటికి ఒక్కటే మట్టిదారి. పక్కనే ఎర్రమట్టి గట్టు. డిసెంబరు వానలకి ఆ గట్టు కరిగి దారి మీదికి జారేది. ఇక మోకాలి లోతు బురద...

రవికి ఉబ్బసం. ఒక ఏడాది వాన వెలిసిన మధ్యాహ్నం వాడికి ఊపిరి అందలేదు. నాన్న డ్యూటీలో ఉన్నారు. టాక్సీ పెద్దరోడ్డు దగ్గరే ఆగిపోయింది. అమ్మ కేకలు విని లిమ్ అంకుల్ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చారు. వాణ్ణి భుజాన వేసుకుని ఆ బురదలో నడిచారు. వెనకాల అమ్మ, అమ్మ కొంగు పట్టుకుని నేను. ఒకచోట కాలు జారి ఆయన దారి పక్కనున్న కాలవలో నడుం దాకా దిగబడ్డారు. అయినా వాణ్ణి మాత్రం రెండు చేతులతో తల మీదికి ఎత్తి పట్టుకున్నారు.

వాడు బతికాడు. ఆ సాయంత్రం నాన్న అంకుల్ చేతులు పట్టుకుని నిలబడిపోయారు.

కొన్నాళ్ళకి నాన్న పాత ఇనుము కొట్టు నుంచి ఓ పెద్ద ఇనుప బ్లేడు లారీలో వేయించుకొచ్చారు. పసుపు రంగు, వంపు తిరిగి, మా వంటగది గోడంత వెడల్పు.

"ఏటండీ ఇది?" అంది అమ్మ.

"మంచు తోసేది. చలి దేశాల్లో లారీ ముందు కడతారట."

"సింగపూర్లో మంచెక్కడిదండీ?"

"మంచు లేకపోతే ఏటి? బురద ఉంది కదా!"

అంకుల్ దగ్గర ఒక చిన్న ట్రాక్టరు ఉండేది. దాని ముందు రెండు ఇనుప చేతులు, వాటి చివర మట్టి ఎత్తే తొట్టి. ఆ తొట్టి విప్పేసి బ్లేడు తగిలించాలని నాన్న ఆలోచన. వాళ్ళిద్దరూ మలయ్‌లోనే మాట్లాడుకునేవారు. అంకుల్ బ్లేడు చుట్టూ తిరిగి చూసి "బొలే?" అన్నారు, అవుతుందా అని. "బొలే లా!" అన్నారు నాన్న.

ఇక ఆదివారాలన్నీ దానికే... లారీకి చేసిన బ్లేడు రంధ్రాలు చిన్న ట్రాక్టరుకి ఎందుకు కలుస్తాయి? మధ్యలో ఒక దళసరి ఇనుప పలక పెట్టి, దానికి కొక్కేలు వెల్డింగ్ చేశారు నాన్న. బ్లేడు వెనకున్న స్ప్రింగులు మాత్రం తీయలేదు. రాయి తగిలితే బ్లేడు ముందుకి వాలి దాని మీదుగా దాటిపోవాలట, లేకపోతే ట్రాక్టరు చేతులు వంగిపోతాయట.

మొదటిసారి పైకెత్తారు... అంతే! వెనక చక్రాలు గాల్లోకి లేచాయి. ట్రాక్టరు ముక్కు నేలకి ఆనింది. సీటు మీద అంకుల్ "ఐయో, ఐయో" అంటూ స్టీరింగుని కౌగిలించుకున్నారు. రవీ నేనూ పడీ పడీ నవ్వాం. నాన్న ముఖం మాత్రం వాడిపోయింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ అంది, "ముందు అంత బరువెట్టి ఎనకాల ఏటీ ఎట్టకపోతే ఎలాగండీ? కావిడికి ఒక్కేపే కుండ కడతారా?"

నాన్న అమ్మ వైపు చూశారు. నెమ్మదిగా నవ్వారు.

బ్లేడుని రెండు పక్కలా కోసి వెడల్పు తగ్గించారు. వెనకాల ఒక నూనె డ్రమ్ము కట్టి అందులో రాళ్ళూ సిమెంటూ నింపారు. పగిలిపోయిన మా రుబ్బురోలుని కూడా అమ్మే దొర్లించుకొచ్చి ఇచ్చింది. ఈసారి ఎత్తితే నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి...

మళ్ళీ డిసెంబరు వచ్చింది. ఒక పొద్దున రవికి ఆయాసం మొదలైంది. నాన్న అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయారు. దారి నిండా బురద. అమ్మ అంకుల్ని పిలవడానికి బయటికి రాగానే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ఎవరూ అడక్కముందే, వాన వెలిసిందని ఆయన దారి తోయడం మొదలుపెట్టారు!

బురద పక్కకి తొలగిపోతోంది. మధ్యలో ఠంగుమని ఒక రాయి తగిలింది. బ్లేడు ముందుకి వాలిపోయింది. రాయి దాటగానే మళ్ళీ లేచి నిలబడింది. కాసేపటికి టాక్సీ మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. రవిని ఒళ్ళో పెట్టుకుని అమ్మ ఎక్కింది. అంకుల్ కిటికీలోంచి చెయ్యి పెట్టి వాడి తల నిమిరారు.

ఆసుపత్రికి వాళ్ళు సమయానికి చేరారు. ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా, అంకుల్ ముందు మా గుమ్మం దాకా తోసి, ఆ తర్వాతే తన నర్సరీ షెడ్డు దారి తోసుకునేవారు.

కొన్నేళ్ళకి ఆ స్థలం ప్రభుత్వం తీసుకుంది. మేం ఫ్లాటుకి మారాం. ట్రాక్టరూ బ్లేడూ ఎటు పోయాయో తెలియదు. ఒక్క ఫోటో కూడా లేదు. నాన్న, అంకుల్ ఇద్దరూ ఇప్పుడు లేరు. రవి క్లెమెంటిలో ఉంటున్నాడు. వాడి కూతురికి మొన్న ఈ కథ చెబితే, "సింగపూర్‌లో స్నో ప్లౌ ఆ? కాంట్ బీ లా, అత్తా!" అంది. రవి పిల్లని దగ్గరికి లాక్కున్నాడు.

ఇప్పుడు వాన వెలిసిన అరగంటకే రోడ్లు ఆరిపోతున్నాయి. సంతోషమే. కానీ వాన తగ్గగానే పక్కింటివాళ్ళు బయటికి రాగలరా లేదా అని తలుపు తీసి చూసే అలవాటు మాత్రం, నాతో సహా, మాలో ఎవరికీ మిగల్లేదు...

మీ గుమ్మం దాకా దారి చేసినవాళ్ళు ఎవరండీ? వాళ్ళ పేరొకటి కింద రాయండి... ఆ పేర్లన్నీ ఒక్కసారి చదువుకోవాలని ఉంది.