కోడి పులుసులో ఆకు

మేకాంగ్ నది ఒడ్డున రోడ్డు పక్కనే బువాలై అనే పెద్దావిడ తిండి కొట్టు. పొద్దున్నే భిక్షువుల పాత్రల్లో జిగురన్నం ముద్దలు పెట్టి, చిన్న చెంబుతో గిన్నెలోకి సన్నటి ధారగా నీళ్లు వదులుతూ, ఆ పుణ్యం కొడుకు చనత్‌కు చేరాలని గొణుక్కుంటుంది. ఆ నీళ్లు ఏదో ఒక చెట్టు మొదట్లో పోయడం ఆనవాయితీ. ఆ తర్వాతే పొయ్యి మీదికి కోడి పులుసు ఎక్కుతుంది. రుచి చూసేటప్పుడు కళ్లు మూసుకుంటుంది. ఒకప్పుడు ఆ పులుసులో, వాళ్లమ్మ నేర్పినట్టే, రెండు గంజాయి ఆకులు పడేవి. తినడానికొచ్చిన కొత్త పోలీసు, “ఏం వేశావు పెద్దమ్మా, ఇంత కమ్మగా ఉంది?” అంటే మురిసిపోయి పెరట్లో మొక్క చూపించింది. అది నేరమంటూ అతను ఆమెను పట్టుకుపోబోతే, “నేనే పెంచాను” అని చనత్ ముందుకొచ్చాడు. మూడో ఏడు జైల్లోనే జ్వరంతో పోయాడు.

ఒకరోజు గ్రామపెద్ద నవ్వుతూ ఓ మొక్క తెచ్చాడు. “సర్కారు ఊరికే పంచుతోంది వదినా. గంజాయే. భయపడకు, ఇప్పుడు నేరం కాదు.”

“ఎప్పట్నుంచి?”

“పోయిన గురువారం నుంచి.”

“గురువారమా? మరి మావాడి సంగతి?”

గ్రామపెద్ద తన చెప్పుల వంక చూసుకున్నాడు. “అది అప్పటి చట్టం కదా వదినా.”

పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. పోలీసులు పాత మొక్కను పెరికిన చోటే నాటింది. ఇప్పుడు ధార నీళ్లు దాని మొదట్లోనే పోస్తోంది. ఇరుగుపొరుగు అడిగితే ఆకులు కోసుకోమంటుంది. తన పులుసులో మాత్రం వెయ్యదు. “రుచి తగ్గిందే పెద్దమ్మా” అని ఎవరైనా అంటే, కళ్లు మూసుకుని ఇంకోసారి రుచి చూసి, “అవును, తగ్గింది” అంటుంది.