వాకిలి కుడిపక్క గుంట

మా చిన్నప్పుడు... జార్జి టౌన్‌లో, పగడాల వర్తకుల పేరు మోసే వీధిలో ఉండేవాళ్లం. పాత అద్దె ఇల్లు. లోపలికి అడుగుపెడుతుంటే కుడిచేతి పక్క, ద్వారబంధంలో ఒక గుంట ఉండేది. వేలెడు పొడవు. నిలువుగా కాదు... కాస్త వాలుగా, పై కొస ఇంటి లోపలికి వంగి. పైనా కిందా మేకు చిల్లులు.

నాకది సగం మూసిన కన్నులా కనిపించేది. కరెంటు పోయిన సాయంత్రాల్లో ఎడమ గోడను రాసుకుంటూ లోపలికి పరిగెత్తేదాన్ని...

మా అవ్వకు మాత్రం అది వాకిలి దేవత కూర్చునే చోటు. శుక్రవారం గడపకు పసుపు రాశాక, గిన్నెలో మిగిలిన ముద్దను ఆ గుంటలో పెట్టి కుంకుమ అద్దేది. కోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టిననాటి నుంచీ అంతే. ఎవరు చెప్పారని అడిగితే, "ఒకరు చెప్పేదేంది మే... పెద్దోళ్లు ఊరికే తొలిచి పెడతారా?" అనేది.

ఒక ఏడాది వీధిలోకి కొలతల వాళ్లు రావడం మొదలైంది. ఇళ్ల ఓనర్లు గోడౌన్లు కట్టేవాళ్లకు అమ్మేస్తున్నారని పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. టేపు పట్టుకుని వచ్చినవాళ్లు పోతూ పోతూ గోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత గీసేవారు. మా గోడ మీదా గీశారు.

ఓ వేసవి ఉదయం ఒక ముసలావిడ వచ్చింది. పూల గౌను, తలకు గుడ్డ, చేతిలో గొడుగు. తోపుడు బళ్ల మధ్య ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ వచ్చింది... ఎవరి మొహమూ చూడలేదు. వాకిళ్ల కుడి పక్కలు మాత్రమే చూసింది.

తిన్నె మీద మునగాకు దూస్తున్న అవ్వ, "ఎవురు మే అది? కొలతలకు ఆడోళ్లను కూడా పంపిస్తా ఉండారా?" అంది.

ఆవిడ మా వాకిట్లో నిలబడిపోయింది. రెండు వేళ్లు ఆ గుంటలో పెట్టి, తీసి, పెదవులకు ఆనించుకుంది. ఇటు తిరిగితే... పెదవుల నిండా పసుపు. నాకు నవ్వొచ్చింది. అవ్వ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే, ఐదో తరగతి చదువుతో నేను అవ్వకు తెలుగు చేశాను.

"వాళ్ల నాయనమ్మ పుట్టిన ఇల్లంట అవ్వా. యూదులంట. దేవుడి మాటలు రాసిన తోలుచుట్ట ఒకటి, చిన్న పెట్టెలో పెట్టి ఈడ బిగించేవాళ్లంట. పోయేటప్పుడు తీసుకుని పోయారంట."

అవ్వ చేతిలో మునగరెబ్బ అట్లాగే ఉండిపోయింది. "అంటే... ఈడ ఎవురూ లేరా? ఇన్నేండ్లూ ఖాళీ చోటుకా నేను పసుపు పెడతా ఉండేది?"

నేనది ఇంగ్లీషులో చెప్పేసరికి ఆవిడ మళ్లీ గుంట వైపు తిరిగింది. తర్వాత మెల్లగా చెప్పింది... ఈ ఊళ్లో వాళ్ల ప్రార్థన మందిరం ఇప్పుడు లేదట. సమాధుల రాళ్లను సైతం పెకలించి వేరే చోటికి తరలించారట. కదలకుండా మిగిలింది ఇలాంటి గుంటలేనట.

"దీన్ని పూడ్చకుండా చూస్తావా అని అడగతా ఉంది అవ్వా."

"నేను ఈడ ఉండేంత వరకూ పూడ్చనీను. చెప్పు మే."

చెప్పాను. ఆవిడ అవ్వ చెయ్యి పట్టుకుంది. పోతూ పోతూ గోడ మీది ఎర్ర గీత దగ్గర ఆగి, ఇది ఎప్పుడు గీశారని అడిగింది. పోయిన నెల అన్నాను. ఆవిడ తల ఊపింది... ఊపుతూనే ఉంది. అట్లాంటి గీతలు ఆవిడకు కొత్త కాదనిపించింది.

వానాకాలానికి ఎదుటి వరస పడగొట్టారు. ఊడదీసిన ద్వారబంధాలను తెచ్చి మా గోడకు ఆనించారు. నేను వెళ్లి ఒకదాని మీద రంగు గీకి చూశాను. అదే ఎత్తున గుంట... అదే వాలు. పక్కదాంట్లోనూ. దాని పక్కదాంట్లోనూ. అన్నీ రంగు కింద పూడిపోయి ఉన్నాయి. వీధి వీధంతా కళ్లు మూసుకుని మమ్మల్ని చూస్తున్నట్టు అనిపించి ఇంట్లోకి పరిగెత్తాను.

అవ్వ పసుపు గిన్నె తీసుకుని వానలో వెళ్లి, అన్నింటికీ బొట్టు పెట్టి వచ్చింది. పాత కట్టెల షావుకారు వాటిని బండికెత్తుకుని పోతుంటే దారి పొడుగునా పసుపు నీళ్లు కారాయి.

తర్వాత మా వంతు. ఓనరు గుంటలు పూడ్చే పుట్టీ డబ్బాతో ఒక పెయింటర్ను పంపాడు, కొనేవాళ్లు చూడ్డానికి వస్తే ఇంకాస్త ధర పలకాలని. అవ్వ గుంట మీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"నా చెయ్యి మీద పూసుకుని పో నాయనా."

"పాటీ, నా కూలి పోగొట్టకు!" అని ఆ తమిళ అబ్బాయి నవ్వాడు. కాసేపు చూసి, ఆ ఒక్క పక్క వదిలేసి పోయాడు.

కానీ ఇల్లు నిలవలేదు. సంక్రాంతి దాటగానే ఖాళీ చేయమన్నారు. చింతాద్రిపేటలో ఇల్లు చూసుకున్నాం. సామాన్లు టెంపోలోకి ఎక్కించాక అవ్వ వెనక్కి వెళ్లింది. గుంటలో ఆ శుక్రవారం పసుపు ఇంకా తడిగానే ఉంది. రెండు వేళ్లు పెట్టి, తీసి, పెదవులకు ఆనించుకుంది... అచ్చం ఆ గొడుగు ఆవిడలాగే. చింతాద్రిపేట చేరేదాకా తుడుచుకోలేదు. నాకు ఈసారి నవ్వు రాలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. పోయిన వారం ఏదో పని మీద అటు వెళ్లి, ఆ వీధిలోకి తిరిగాను. మా ఇంటి చోట గోడౌన్. రోలింగ్ షట్టర్. నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి, నా చెయ్యి కుడిపక్కకు వెళ్లింది... చల్లటి ఇనుము తగిలింది. షట్టర్‌కు ద్వారబంధం ఉండదు కదా. ఎవరైనా ఏదైనా వదిలిపోదామన్నా చోటు లేదు.

ఇప్పుడు మేముండే ఫ్లాట్‌కు నున్నటి తలుపు. శుక్రవారం పసుపు రాయబోతే మరకలు పడతాయని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. మొన్న ఆదివారం బాల్కనీలోంచి చూస్తే, కింద గేటు దగ్గర ఇద్దరు టేపు పట్టుకుని నిలబడి ఉన్నారు...

మీ పాత ఇళ్లలో, మీకంటే ముందున్నవాళ్లు వదిలిపోయిన గుర్తు ఏదైనా ఉండేదా? ఒకసారి వెళ్లి తడిమి చూడండి. ఉంటే ఇక్కడ రాయండి... పుట్టీ డబ్బా రాకముందే.