ఖాళీ ప్లగ్గు లాగిన కరెంటు

దెయ్యాలంటే నాకెప్పుడూ నవ్వేనర్రా. మీ అమ్మ చిన్నప్పుడు చీకటికి జడిస్తే, లైటు వేసి "ఏదీ, చూపించు?" అని అడిగేదాన్ని. ఇప్పుడు చెప్పేది కూడా దెయ్యం కథ అని నేను అనను. చూసింది చూసినట్టు చెబుతాను. పుణెలో మీరు చదివే చదువుల్లో దీనికి జవాబుంటే ఫోన్ చేసి చెప్పండి.

అమీర్‌పేటలో మన పిండి షాపు మీకు తెలుసుగా. చుట్టుపక్కల హాస్టళ్లకీ, పంజాగుట్టలో కొన్ని ఆఫీసు క్యాంటీన్లకీ ఇడ్లీ పిండి, దోసెల పిండి మన దగ్గర నుంచే వెళ్తుంది. ముందు గదిలో అమ్మకం. మధ్య గదిలో గ్రైండర్లు, ఫ్రిజ్‌లు. వెనక గదిలో, మన దగ్గర పనిచేసే యాదమ్మ ఉంటుంది.

ఆ షాపు నేనూ, నా తోటికోడలు సరోజా కలిసి పెట్టాం. మీకు చిన్నమ్మమ్మ అవుతుంది. వెనక గదిలో ఒక పెద్ద రాళ్ల గ్రైండరు ఉండేది, అది పూర్తిగా సరోజ సొంతం. మమ్మల్నెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. ఆవిడ పోయాక ఆ గ్రైండరూ పాడైంది. మీ మామయ్య శ్రీను దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు. ఖాళీ అయిన గదిలో యాదమ్మను ఉండమన్నాం. భర్త లేడు, ఊళ్లో ఇల్లు వానకు కూలిపోయింది. మా దగ్గర పని, ఆ గది, అంతే ఆవిడకు ఆధారం.

ఆమధ్య షాపు కరెంటు బిల్లు పెరగడం మొదలైంది. పిండి అంతే, గ్రైండర్లు అవే, బిల్లు మాత్రం నెలనెలా ఎక్కువొస్తోంది. మీ మామయ్యకు యాదమ్మ మీద అనుమానం. మధ్యాహ్నం షట్టర్ దించి మేం భోజనానికి ఇంటికొచ్చాక, సందు చివరి మెస్సు వాళ్లకు దొంగతనంగా రుబ్బి ఇస్తోందని.

"తేలనీ అమ్మా. తేలిన రోజే గది ఖాళీ చేయించేస్తాను" అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ కాదని చెప్పడానికి నా దగ్గర మాత్రం ఏముంది?

అప్పుడు గుర్తొచ్చింది ఫర్హానా. యూసుఫ్‌గూడ నుంచి వచ్చి మన దగ్గర పిండి తీసుకెళ్లే అమ్మాయి. సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో ఏ మిషను ఎంత కరెంటు తింటోందో కొలిచి చెప్పడం ఆ పిల్ల ఉద్యోగం. అడగ్గానే ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చేసింది.

"కొలవకుండా ఎవర్నీ ఏమీ అనకండి భయ్యా. మిషన్లు అబద్ధం చెప్పవు, మనుషులం మనమే తొందరపడతాం" అంది శ్రీనుతో.

కరెంటు బోర్డు దగ్గర ఒక్కో వైరుకు ఒక్కో క్లిప్పు తగిలించింది. వైరు కోయడం అదీ లేదు, దండెం మీద బట్టల క్లిప్పులా పైనుంచి పట్టుకుంటుందంతే. ఏ వైరులో ఎంత పోతోందో ఫోనులో గీతలా కనబడుతుంది. బయట పెద్ద మీటరుకు వెళ్లే వైరుకూ ఒకటి పెట్టింది.

కొద్దిరోజులకే అసలు దొంగ దొరికింది. మన పాత ఫ్రిజ్! తలుపు చుట్టూ ఉండే రబ్బరు సాగిపోయి చల్లదనం అంతా బయటికి పోతోంది. మోటరు రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతోంది. రబ్బరు మార్పించగానే పెద్ద మీటరు నెమ్మదించింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఫర్హానా ఫోను నా ముందు పెట్టింది.

"ఆంటీ, వెనక గది ప్లగ్గులో ఏం పెడుతున్నారు? రోజూ మధ్యాహ్నం కరెంటు లాగుతోంది. చూస్తే గ్రైండరు మోటరులా ఉంది."

శ్రీను మొహం ఎర్రబడింది. "నేను చెప్తే విన్నారా?" అంటూ యాదమ్మను పిలిచాడు.

యాదమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది, విన్నది. "అగ్గో! ఏం మాటలు సారూ గవి? గా గదిల నా మంచం, నా ట్రంకుపెట్టె, గంతే. అంత పెద్ద గ్రైండర్‌ను కొంగుల దాసుకున్ననా ఏంది?" అంది. గొంతు గట్టిగానే ఉంది కానీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "పొమ్మంటె పోత. దొంగ అని పంపకు బిడ్డా."

ఫర్హానా గీతల వంకే చూస్తూ మళ్లీ అడిగింది. "శుక్రవారం ఏమైనా వేరేగా చేస్తారా? ఆ రోజు మాత్రం ముందు కాసేపు ఖాళీగా తిరిగినట్టు కొంచెమే లాగుతోంది. తర్వాత బరువు పడుతోంది."

శుక్రవారం సరోజ గ్రైండరుకు పసుపూ కుంకుమా పెట్టి, ముందు ఉత్త నీళ్లు పోసి కాసేపు తిప్పేది. ఆ తర్వాతే పప్పు వేసేది. ఆ అలవాటు మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. "రేపు మధ్యాహ్నం అందరం ఆ గదిలోనే కూర్చుందాం" అని మాత్రం అన్నాను.

మర్నాడు షట్టర్ దించి నలుగురం కూర్చున్నాం. మంచం మీద నేనూ ఫర్హానా, గుమ్మంలో శ్రీను. యాదమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ప్లగ్గు మా అందరి కళ్లెదురుగానే ఉంది. దానిలో ఏమీ లేదు.

కాసేపటికి ఫోనులో గీత లేచింది.

ఎవరూ కదల్లేదు. గదిలో చప్పుడు కూడా ఏమీ లేదు, పైన ఫ్యాను తిరగడం తప్ప. దానికి వేరే వైరు. గీత అలా కొంతసేపు నడిచింది. నా నోట్లోంచి అనుకోకుండా మాట వచ్చేసింది. "ఇప్పుడు ఆపుతుంది."

గీత పడిపోయింది.

"మళ్లీ వేస్తుంది" అన్నాను. లేచింది.

సరోజ టైమరు చూసుకుని రుబ్బేది కాదు. కాసేపు తిప్పి, ఆపి, చెయ్యి తడుపుకుని, పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. మళ్లీ తిప్పేది. ఆఖరుసారి మాత్రం చాలాసేపు ఆపేది. రాయి వేడెక్కితే పిండి పొంగదని, చల్లారేదాకా అంచుల పప్పు చేత్తో లోపలికి తోస్తూ నిలబడేది. పక్కన నిలబడి అన్నేళ్లు చూసినదాన్ని, ఏ ఆపడం ఎంతసేపో నాకు తెలియదా?

"ఈసారి ఎక్కువసేపు" అన్నాను. ఎక్కువసేపే ఆగింది.

ఫర్హానా ఫోను మీంచి తలెత్తింది. "ఆంటీ, మీకెలా తెలుస్తోంది?" అంది. శ్రీను నా మొహం చూశాడు. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి ఆ గ్రైండరు పక్కనే పడుకునేవాడు. వాడికీ అర్థమైందనుకుంటాను.

ఆ తర్వాత ఫర్హానా ఊరుకోలేదు. క్లిప్పులు అటూ ఇటూ మార్చింది. ఎలక్ట్రీషియన్‌తో గోడలో వైరు కొత్తది వేయించింది. పక్కింటివాళ్లు లాగుతున్నారేమో అని వెతికింది. ఏమీ దొరకలేదు. ఇంకో వింత కూడా ఆ పిల్లే కనిపెట్టింది. వెనక గది వైరులో అంత కరెంటు పోతున్నా, పెద్ద మీటరులో అది పడటమే లేదు. "లోపల ఖర్చవుతోంది, బయటి నుంచి రావట్లేదు. ఇట్ల ఎక్కడా చూడలేదాంటీ" అంది. సరోజ కూడా బతికినన్నాళ్లూ ఎవరికీ భారం కాలేదు. ఆ మాట ఫర్హానాతో అనలేదు, మీతో అంటున్నాను.

ఫర్హానా పని ముగించుకుని క్లిప్పులు తీసుకుపోయింది. ఇప్పుడు ఆ వైరులో ఏం జరుగుతోందో మాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

శ్రీను మాత్రం మేం గదిలో కూర్చున్న రోజు సాయంత్రమే, నేను సరోజ అలవాట్లు చెప్పాక, యాదమ్మ ముందు తల దించుకున్నాడు. "తప్పుగా మాట్లాడాను యాదమ్మా. నీకు భయంగా ఉంటే పైన గది ఖాళీగా ఉంది, అక్కడికి మారిపో" అన్నాడు.

యాదమ్మ నవ్వింది. "నాకెందుకు భయం సారూ? మీరు పొమ్మన్ననాడు అందరి ముంగట తిప్పి, నేను దొంగను కానని సూపెట్టి, నన్ను ఉండనిచ్చింది సరోజమ్మనే గద. నేనేడికీ పోను."

ఆవిడన్నది నిజమో కాదో నాకు తెలియదు పిల్లలూ. దెయ్యాలున్నాయని ఈనాటికీ నేననను. కానీ ఆ మధ్యాహ్నం ఖాళీ ప్లగ్గు ముందు కూర్చుని, ఎప్పుడు ఆగుతుందో ఎప్పుడు లేస్తుందో తప్పకుండా ఎలా చెప్పగలిగాను అంటే మాత్రం, నా దగ్గర సమాధానం లేదు.